రోజుకొక ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు

వికీమీడియా కామన్స్‌లో ఆ రోజు చిత్రం మనకు తెల్లవారి సరిగ్గా అయిదున్నరకు మారుతుంది. గ్రీనిచ్ కాలమానంలో అర్ధరాత్రి అయ్యే వేళ అది. నాసా సైటులో వచ్చే ‘ఆస్ట్రానమీ పిక్చర్ ఆఫ్ ది డే’, వాడుకలో ఏపాడ్, అమెరికా తూర్పు తీరంలో తేదీ మారాక వస్తుంది. మనకది వేసవిలో పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. మార్చి నుంచి నవంబరు దాకా అక్కడ గడియారాలను గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఈ తేడా. ఒకటి కళ్లాపి చల్లే వేళకు, ఇంకొకటి ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాక. కర్నూలు, అనంతపురం, కడప, ఎక్కడున్నా సరే, ఈ రెండు వేళలు గుర్తుంటే రోజూ రెండు మంచి ఫొటోలు తాజాగా చూడొచ్చు. యాప్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా కూడా అక్కర్లేదు. ఫోన్ బ్రౌజరులో పేజీ తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, హోం స్క్రీన్ మీద పెట్టుకుంటే చాలు.

రోజుకు ఒక్కటే ఫొటో అన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. ఈ సైట్ల బలమంతా అక్కడే ఉంది. ఫోనులో వేలితో తోసుకుంటూ పోతే పది నిమిషాల్లో రెండు వందల ఫొటోలు కళ్ల ముందు నుంచి జారిపోతాయి. సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. రోజుకొక్కటే వచ్చే చోట ఆ ఒక్కదాన్ని ఎవరో కూర్చుని ఏరి ఉంటారు, ఎందుకు ఏరారో కింద నాలుగు వాక్యాల్లో రాసి ఉంటారు. ఆ వాక్యాలు చదవకుండా ఫొటో మాత్రం చూసి పోవడమంటే ఊరిబిండి రుచి చూసి సంగటి వదిలేసినట్టే. ప్రకృతి మీదైనా, దేశదేశాల సంస్కృతుల మీదైనా, ఫొటోలో సగం దాని వ్యాఖ్యలోనే ఉంటుంది. కొన్నిసార్లు సగానికి మించి ఉంటుంది.

ఎవరు ఏరుతున్నారు?

ఏపాడ్‌ను రాబర్ట్ నెమిరాఫ్, జెర్రీ బానెల్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు 1995 జూన్ 16న మొదలుపెట్టారు. తొలి రోజు పెట్టింది అసలు ఫొటోనే కాదు, భూమి న్యూట్రాన్ నక్షత్రమంత చిక్కబడితే ఎలా కనబడుతుందో కంప్యూటరుతో గీసిన బొమ్మ. ఆనాటి నుంచి వచ్చినవి తేదీల వారీగా ఆర్కైవ్‌లో ఉన్నాయి. పిల్లలు పుట్టిన రోజు ఏ చిత్రం వచ్చిందో వెతికి చూపించవచ్చు, వాళ్లకు ఆకాశం మీద ఆసక్తి పుట్టించడానికి అంతకంటే తేలిక దారి లేదు. పేజీ చాలా సాదాగా ఉంటుంది: పైన చిత్రం, కింద ఎవరు తీశారు, ఆ కింద వివరణ. వివరణలో నాలుగైదు మాటలకొక లంకె ఉంటుంది. అడుగున రేపటి చిత్రం ఏమిటో రెండు మూడు మాటల్లో సూచిస్తారు.

నాసాదే ఇంకొకటి ఎర్త్ అబ్జర్వేటరీ, 1999 నుంచి నడుస్తోంది. ఉపగ్రహం నుంచి తీసిన వరదలు, కార్చిచ్చులు, ధూళి తుపానులు, సాగు భూములు ఇందులో వస్తాయి. వివరణ కొంచెం పొడవు, కానీ ఎక్కడా నీళ్లు కలిపినట్టు ఉండదు.

వికీమీడియా కామన్స్ దారి వేరు. 2004 సెప్టెంబరులో మొదలైన ఈ ఉచిత చిత్రాల గిడ్డంగిలో రోజు చిత్రం ‘ఫీచర్డ్’ అని గుర్తింపు పొందిన వాటి నుంచే వస్తుంది. ఆ గుర్తింపు కావాలంటే ఫొటో కనీసం 2 మెగాపిక్సెళ్లు ఉండాలి. తొమ్మిది రోజులు వాడుకరులు ఓట్లు వేస్తారు, కనీసం ఏడు ఓట్లు అనుకూలంగా రావాలి, అవి వ్యతిరేక ఓట్లకు రెట్టింపు అయినా ఉండాలి. అందుకే ఈరోజు పేడపురుగు, రేపు చర్చి లోకప్పు, ఎల్లుండి మంచు కొండ వస్తాయి. దీనికొక లోపమూ ఉంది. ఫొటోలు పెట్టేవాళ్లూ ఓట్లు వేసేవాళ్లూ ఎక్కువగా యూరప్ వాళ్లు కావడంతో అక్కడి కట్టడాలు, అక్కడి పక్షులే పదేపదే కనిపిస్తాయి. రాయలసీమ లాంటి మెట్టప్రాంతం అరుదు. తెలుగు వికీపీడియా మొదటి పేజీలో వచ్చే ‘ఈ వారపు బొమ్మ’ వారానికొకటే అయినా, వ్యాఖ్య తెలుగులో ఉంటుంది కాబట్టి పిల్లలతో మొదలుపెట్టడానికి అదే మేలు.

మొదట కళ్లు, తర్వాత మాటలు

చూడటానికి ఒక వరస ఉంది. మొదటి నిమిషం వ్యాఖ్య చదవకూడదు. వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది, నీడలు పొడుగా పొట్టివా, ఫొటో అంచుల్లో ఏముంది, వస్తువు ఎంత పెద్దదో చెప్పే గుర్తు ఎక్కడైనా ఉందా అని మాత్రమే చూడాలి. తర్వాత వ్యాఖ్య చదవాలి. ఆ తర్వాత పూర్తి సైజులో తెరిచి మళ్లీ చూడాలి. మూడో అడుగు చాలామంది వేయరు, అసలు రుచి దాంట్లోనే ఉంది.

చిలమత్తూరు మండలం వీరాపురం కొంగల ఫొటో ఒకటి ఎదురుగా ఉందనుకుందాం. పాత అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. చింతచెట్టు కొమ్మ మీద పుల్లల గూడు, గూట్లో బూడిద రంగు పిల్లలు రెండు, వాటి మీద రెక్కలు సగం విప్పి కదలకుండా నిలబడ్డ పెద్ద పక్షి. పొడుగాటి పసుపు ముక్కు, నారింజ రంగు ముఖం, రొమ్ము మీద నలుపు తెలుపు పట్టీ, తోక దగ్గర గులాబీ ఈకలు. వ్యాఖ్య చదవకముందే ఇందులో మూడు సంగతులు దొరుకుతాయి. రెక్కలు విప్పి నిలబడటం ఎగరడానికి కాదు, కాళ్లు వంగలేదు, మెడ ముందుకు చాపలేదు. అంటే పిల్లలకు నీడ పడుతోంది. నీడ పడుతోందంటే ఎండ నడినెత్తిన ఉంది, కాబట్టి ఫొటో మధ్యాహ్నం తీసింది. కొమ్మల నీడలు పొట్టిగా ఉంటే ఆ ఊహ నిజమని తేలుతుంది. ఇక అంచు చూడాలి. కింది మూలలో పెంకుటిల్లో కరెంటు తీగో కనిపిస్తే ఇది అడవి కాదు, ఊరి నడుమ చెట్టు.

అప్పుడు వ్యాఖ్య చదివితే ప్రతి మాటా ఫొటోలో ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. ఇది పెయింటెడ్ స్టార్క్. ఏడాది మొదట్లో వచ్చి ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలు ఎదిగాక వానాకాలంలో వెళ్లిపోతుంది. కొంగలు వస్తే వానలు బాగా కురుస్తాయని ఊరి నమ్మకం, వాటి జోలికి ఎవరూ పోరు. పూర్తి సైజులో మళ్లీ తెరిస్తే ఇందాక కనిపించనివి కనిపిస్తాయి: గూటి అంచున కారిన తెల్లటి రెట్ట, ఎండిన చేప ముక్క. చెరువు ఎంత దూరంలో ఉందో అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. చెరువు ఎండిన ఏడు గూళ్లు ఎందుకు తగ్గుతాయో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇదే వరస ఆఫ్రికా ఏనుగు ఫొటోకైనా, అంటార్కిటికా పెంగ్విన్ ఫొటోకైనా పనికొస్తుంది. తెలిసిన పక్షితో అలవాటు చేసుకుంటే తెలియని జంతువును చదవడం తేలిక.

అంకెలు చెప్పే కథ

కామన్స్‌లో ఫొటో పేజీ కిందికి జరిపితే కెమెరా వివరాల పట్టిక ఉంటుంది. ఎగ్జిఫ్ అంటారు. అందులో చూడాల్సినవి నాలుగు: షట్టరు వేగం (వెలుగును ఎంతసేపు లోపలికి రానిచ్చారో), ఎపర్చరు (లెన్సులో వెలుగు దూరే రంధ్రం ఎంత తెరిచారో), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించేలా పెట్టారో), లెన్సు ఫోకల్ దూరం (ఇది ఎక్కువైతే దూరపు వస్తువు పెద్దగా పడుతుంది). షట్టరు సెకనులో వెయ్యో వంతు అంటే ఎగిరే పక్షి రెక్కను గాలిలో ఆపారన్న మాట. అర సెకను అంటే జలపాతం పాలనురగలా మారుతుంది. కంటికి నీళ్లు అలా ఎప్పుడూ కనబడవు. ఇరవై సెకన్లు అంటే నక్షత్రాల ఫొటో. ఐఎస్ఓ 100 అయితే పుష్కలంగా వెలుగుంది, 6400 అయితే చీకట్లో తీశారు, నీడల్లో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది.

ఫోకల్ దూరం ఎక్కువమందిని తికమక పెట్టేది. కోట బురుజు వెనక బండి చక్రమంత చంద్రుడు ఉన్న ఫొటో చూడగానే అతికించారని అనేస్తారు. లెక్క వేస్తే అక్కర్లేదని తెలుస్తుంది. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉంటాడు. రెండు కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే 17, 18 మీటర్ల ఎత్తున్న కట్టడం కూడా సరిగ్గా అర డిగ్రీయే. కాబట్టి అంత దూరం పోయి 600 మి.మీ. లెన్సుతో తీస్తే బురుజూ చంద్రుడూ సమానంగా పడతాయి. ఆ లెన్సులో చంద్రుడి బొమ్మ సెన్సారు (కెమెరా లోపల వెలుగును పట్టే పలక) మీద సుమారు 5.4 మి.మీ., 24 మి.మీ. ఎత్తున్న సెన్సారులో దాదాపు నాలుగో వంతు. అదే బురుజు కింద నిలబడి ఫోనుతో తీస్తే చంద్రుడు చుక్కే.

మరి నిజంగా అతికించినవి ఎలా పట్టుకోవాలి? ఆకాశమే సాక్ష్యం చెబుతుంది. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి ఎదురు దిక్కున ఉంటాడు. ఎర్రటి సూర్యాస్తమయం, నిండు చంద్రుడు ఒకే దిక్కున ఉంటే ఆ ఫొటో అబద్ధం. నెలవంక వెలిగే అంచు ఎప్పుడూ సూర్యుడి వైపే తిరిగి ఉంటుంది. నెలవంక చీకటి భాగంలో నక్షత్రం మెరుస్తుంటే అది అసాధ్యం, అక్కడ చంద్రుడి రాతినేల అడ్డం ఉంది. నిండు చంద్రుడి పక్కనే పాలపుంత ధగధగలాడుతుంటే కూడా అనుమానించాలి.

పాలపుంత ఫొటోల గురించి ఒక మాట. ఏపాడ్‌లో ఊదా, నారింజ రంగుల్లో మెరిసే పాలపుంతను చూసి, గండికోటకో ఓర్వకల్లు రాళ్ల గుట్టలకో వెళ్లి రాత్రి తలెత్తి చూసినవాళ్లు నిరాశపడతారు. అక్కడ కనిపించేది పలచటి బూడిద రంగు పొగ లాంటి పట్టీ. ఫొటో మోసం చేయలేదు. మసక వెలుగులో మనిషి కంటికి రంగులు పట్టే శక్తి పోతుంది, వెలుగును కూడబెట్టుకునే గుణం కంటికి లేదు. కెమెరా ఇరవై సెకన్లు వెలుగు పోగేస్తుంది. ఆ ఇరవై కూడా ఒక లెక్కే: 500ను ఫోకల్ దూరంతో భాగించాలి, 24 మి.మీ. లెన్సుకు దాదాపు 20 వస్తుంది. అంతకు మించితే భూమి తిరగడం వల్ల నక్షత్రాలు చుక్కల బదులు గీతలవుతాయి. సీమలో పాలపుంత నడిబొడ్డు చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో అమావాస్యకు అటూ ఇటూ అయిదు రోజులు, అర్ధరాత్రి దాటాక, ఊరి దీపాలకు దూరంగా వెళ్లాలి. జూన్ దాటితే మబ్బులు.

నెబ్యులాల, అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాల, రంగులది ఇంకో సంగతి. హబుల్ టెలిస్కోపు 1995లో తీసిన ‘పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్’ ఫొటోలో గంధకం నుంచి వచ్చే వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. నిజానికి గంధకం, హైడ్రోజన్ రెండింటి వెలుగూ ఎరుపే. రెండింటినీ విడదీసి చూపడానికి రంగులు పంచారు. ఏ పదార్థం ఎక్కడుందో చెప్పే పటం అది. వ్యాఖ్యలో ఈ ముక్క రాసే ఉంటుంది, చదివినవాళ్లకే దొరుకుతుంది.

ఆకాశం నుంచి సొంత జిల్లా

ఉపగ్రహ చిత్రాల సైట్లు రోజూ చూసేవాళ్లు కొన్నాళ్లకు సొంత ఊరు వెతకడం మొదలుపెడతారు. అది సహజం, చాలా మంచిది కూడా. నాసా వరల్డ్‌వ్యూ పేజీ తెరిచి ‘కరెక్టెడ్ రిఫ్లెక్టెన్స్’ పొర పెట్టుకుని, దక్షిణ భారతం మీదికి జరిపి, జనవరిలో మబ్బు లేని ఒక తేదీ ఎంచుకోవాలి. ఇందులో ఒక్కో చుక్క దాదాపు 250 మీటర్లు, ఇళ్లు కనబడవు. కొండలు, నదులు, చెరువులు కనబడతాయి. కడప, కర్నూలు ప్రాంతం మీద నల్లమల మడతలు వంపు తిరిగి ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. ఆ వంపే భూగర్భ శాస్త్రంలో పేరుపడ్డ కడప బేసిన్ (పూర్వం రాతిపొరలు పేరుకున్న పల్లం) అంచు. నెలవంక ఆకారం, సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు, అడుగు పొరల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. ఇంటి ముందు అరుగు మీద పరిచిన నాపరాయి ఈ బేసిన్‌లోని సున్నపురాయే. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలను నీళ్లు తొలిచింది కూడా ఇదే కుటుంబపు రాయిలో. బండ మీద కూర్చుని దాని పుట్టిల్లు ఆకాశం నుంచి చూడటం గొప్ప అనుభవం.

అదే చోటును మేలో చూస్తే నల్లమల గోధుమ రంగులోకి మారి ఉంటుంది, ఆకు రాల్చే అడవి అది. సెప్టెంబరు చివర చూస్తే ముదురు పచ్చ. జులై, ఆగస్టుల్లో చాలా రోజులు మబ్బు తప్ప ఏమీ కనబడదు, సైటు పనిచేయడం లేదని అనుకోవద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ‘ఫైర్స్’ పొర కలిపితే అడవిలో మంటలు ఎర్ర చుక్కలుగా వస్తాయి. ప్రతి చుక్కా కార్చిచ్చు కాదు, చేలో తగలబెట్టిన చెత్త, ఫ్యాక్టరీ వేడి కూడా చుక్కగానే పడతాయి.

ఇంకా దగ్గరగా కావాలంటే యూరప్ వాళ్ల ‘కోపర్నికస్ బ్రౌజరు’ అనే సైటు. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు అందులో 10 మీటర్ల వివరంతో, దాదాపు అయిదు రోజులకొకసారి కొత్తవి వస్తాయి. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో మొదలైన 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ముదురు నీలపు పలకల్లా కనిపిస్తుంది. 2016 తొలినాళ్ల చిత్రం, 2018 చిత్రం పక్కపక్కన పెట్టి చూస్తే బీడు నేల ఎలా మారిందో మాటలు అక్కర్లేకుండా అర్థమవుతుంది. ‘ఫాల్స్ కలర్’ నొక్కితే పచ్చని పైరు ఎర్రగా మారుతుంది. ఆకులు కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడతాయి, ఆ కాంతిని తెర మీద ఎరుపుగా చూపిస్తారు. వరి పచ్చగా ఉన్నప్పుడు చూస్తే కేసీ కాలువ ఆయకట్టు కర్నూలు నుంచి కడప వైపు ఎర్రటి పట్టీలా సాగుతుంది, అటూ ఇటూ మెట్టచేలు బూడిద రంగులో ఉంటాయి. నీటి పంపకాల గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఇంత స్పష్టంగా కళ్లకు కట్టదు.

మనుషుల ఫొటోలు

పక్షిని తప్పుగా చదివితే పక్షికి నష్టం లేదు. మనుషుల విషయంలో అలా కాదు. సంస్కృతుల ఫొటోలు చూసేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే పేరున్న సంస్థలూ తప్పులు చేశాయి. నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రంలో ఈజిప్టు పిరమిడ్లు నిలువు పేజీలో పట్టాలని కంప్యూటరుతో రెండింటినీ దగ్గరికి జరిపారు. గొడవయింది. అదే పత్రిక 2018 ఏప్రిల్ సంచికలో, దశాబ్దాల పాటు తాము తెల్లవాళ్లు కాని జాతులను వింత మనుషుల్లా చూపించామని రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఒప్పుకోవడం మెచ్చుకోదగ్గదే. చూసేవాళ్లు మాత్రం ఆ అలవాటు ఇంకా ఎక్కడెక్కడ మిగిలుందో గమనిస్తూ ఉండాలి. భారతదేశం అనగానే హోలీ రంగులు, బూడిద పూసుకున్న సాధువులు, రాజస్థాన్ ఒంటెలే పదేపదే వస్తున్నాయంటే ఎంపికలోనే వంకర ఉన్నట్టు.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన పండగనే పరాయి కళ్లతో చూడాలి. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవం. ఒక్క ఫొటో తీసుకుంటే అందులో ఏముంటుంది? దివిటీల మంటలు, పైకి లేచిన ఇనుప రింగుల కర్రలు, నెత్తురు కారే తల. ‘భారత గ్రామంలో మూకల ఘర్షణ’ అని రాసినా చూసేవాళ్లు నమ్ముతారు. కొండ మీద మాళ మల్లేశ్వర స్వామి కల్యాణం జరిగిందని, ఉత్సవ మూర్తులను నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ల వాళ్లు కాపాడుకుంటూ దిగుతుంటే మిగతా ఊళ్ల వాళ్లు దక్కించుకోవడానికి తలపడతారని, ఏటా గాయాలవుతున్నాయని, అధికారులు ఆపాలని చూస్తున్నారని వ్యాఖ్య చెబితే తప్ప ఆ ఫొటో పూర్తి కాదు. ఇదే కొలతతో పపువా, ఇథియోపియా, పెరూ ఫొటోలనూ చూడాలి. ఊరి పేరు ఉందా, ఏ సందర్భం, ఏ తేదీ, ఆ మనిషికి పేరుందా లేక ‘ఒక గిరిజనుడు’ అని సరిపెట్టారా, ఫొటో కోసం నిలబెట్టారా లేక జరుగుతున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు లేని వ్యాఖ్య ఉంటే రంగులు ఎంత బాగున్నా ఆ ఫొటోకు తక్కువ మార్కులే.

సొంత కళ గురించి తెలిసినవాళ్లు పరాయి కళ ఫొటోలో ఎంత లోతు చూడగలరో తోలుబొమ్మలు చెబుతాయి. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలకు పెట్టింది పేరు. ఆ కళలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, గీకి, కాగితంలా వెలుగు దూరేంత పలచగా చేసి, రంగులు వేసి, నగలున్న చోట చిన్న చిన్న చిల్లులు కొడతారు. దీపం వెనక ఉంటుంది, తెర నడుమ, చూసేవాళ్లు ముందు. వెలుగు తోలు గుండా వస్తుంది కాబట్టి తెర మీద పడేది రంగుల బొమ్మ. ఇండోనేషియా జావా ద్వీపపు వాయాంగ్ కులిత్ ఫొటో వచ్చినప్పుడు దీన్ని పక్కన పెట్టి చూడాలి. యునెస్కో 2003లో గుర్తించిన కళ అది. అక్కడ వాడేది దున్నపోతు తోలు, మందం, వెలుగు దూరదు. చిల్లుల్లోంచి మాత్రమే వెలుగు వస్తుంది, తెర మీద పడేది నల్లటి నీడ. అయినా ఆ బొమ్మలకు బంగారు రంగుతో సహా ఎంతో పనితనంగా రంగులు వేస్తారు. నీడకు రంగెందుకు అన్న ప్రశ్న రావాలి. జవాబు ఫొటోలోనే ఉంటుంది: అక్కడ ఆడించేవాడి వైపు కూర్చుని చూసేవాళ్లూ ఉంటారు. ఫొటో తెరకు ఏ పక్క నుంచి తీశారో కనిపెడితే సగం ఆట అర్థమైనట్టే.

మన తోలుబొమ్మలాటను తీసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు కూడా ఇక్కడే తెలుస్తుంది. ముందు నుంచి ఫ్లాష్ కొడితే తెర తెల్లబోయి రంగులన్నీ చచ్చిపోతాయి. ఫ్లాష్ ఆపేయాలి, కెమెరాను గుంజకో కుర్చీ వీపుకో ఆనించాలి. షట్టరు సెకనులో అరవయ్యో వంతు దగ్గర, ఐఎస్ఓ 1600 నుంచి 3200 మధ్య మొదలుపెట్టి చూడాలి. బొమ్మ గంతులేసేటప్పుడు కాక ఆగి మాట చెప్పే క్షణంలో నొక్కాలి.

ఎక్కడ చెడుతుంది

ఫొటో వాట్సాప్‌లోకి ఎక్కగానే మూడు నష్టాలు జరుగుతాయి. సైజు కుదించుకుపోతుంది, ఎగ్జిఫ్ వివరాలు ఊడిపోతాయి, రెండో ఫార్వర్డుకల్లా వ్యాఖ్య తెగిపోతుంది. తెగిన చోట ఎవరో కొత్త కథ అతికిస్తారు. 2009 అక్టోబరు కర్నూలు వరద ఫొటోను నిన్నటి వరద అని పంపితే ఆపేవాళ్లెవరు? పంపాలనుకుంటే ఫొటో బదులు పేజీ లింకు పంపాలి, లేదా ఫొటోను డాక్యుమెంటుగా జత చేసి వ్యాఖ్య కూడా పెట్టాలి. వచ్చినదాన్ని పరీక్షించాలంటే, ఇచ్చిన ఫొటో ఇంకెక్కడుందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లోనో టిన్ఐలోనో వేసి చూడాలి. టిన్ఐలో పాతవి ముందు వచ్చేలా పెట్టుకుంటే ఆ ఫొటో ఎంత పాతదో తేలుతుంది.

ఏఐతో పుట్టించిన బొమ్మల విషయంలో వేళ్లు లెక్కపెట్టే కిటుకు ఇక పనికిరాదు, అవి సరిగ్గానే వస్తున్నాయి. తీసినవాళ్ల పేరు, ఊరు, తేదీ, అదే సందర్భంలో తీసిన ఇతర ఫొటోలు ఉన్నాయా అని అడగడమే నమ్మకమైన దారి. రోజువారీ సైట్ల విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది ఇందుకే, వాటిలో పూచీ పడే మనిషి ఉంటాడు.

తెర గురించి చిన్న సంగతి: ఫోనులో నీలపు వెలుగును తగ్గించే ‘ఐ కంఫర్ట్’ ఆన్‌లో ఉంటే మంచు కూడా పసుపుగా కనిపిస్తుంది. ఫొటో చూసే అయిదు నిమిషాలు దాన్ని ఆపేయాలి. బడి నోటీసు బోర్డుకు ఏ4 సైజులో ముద్రించాలంటే కనీసం 2340 x 1650 పిక్సెళ్లు కావాలి, అప్పుడే అంగుళానికి 200 చుక్కలు పడతాయి. స్క్రీన్‌షాట్ తీసి జిరాక్స్ షాపుకు పట్టుకెళితే మసకగా రావడానికి కారణం ఇదే. నాసా సొంత చిత్రాలు బడి అవసరాలకు స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కానీ ఏపాడ్‌లో వచ్చేవాటిలో చాలావరకు విడి ఫొటోగ్రాఫర్లవి, హక్కులు వాళ్లవే. కామన్స్ చిత్రాలకు చాలావాటికి తీసినవాళ్ల పేరు, లైసెన్సు పేరు కింద రాయాలి. ఆ ఒక్క లైను రాయడానికి బద్ధకించకూడదు.

ఫొటో లేని పక్షులు, వ్యాఖ్య లేని ఫొటోలు

రోజూ చూస్తూ పోతే, ఏది రావడం లేదో కూడా కనిపించడం మొదలవుతుంది. కలివికోడిని ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ కనుగొన్నాడు, 1848లో బ్లైత్ మొదట వర్ణించాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో, స్థానిక పక్షుల వేటగాళ్ల సాయంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ మళ్లీ కనుగొన్నారు. లంకమల ముళ్లపొదల్లో రాత్రి పూట మాత్రమే తిరిగే ఈ పక్షికి మంచి ఫొటోలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందమైన వాటికీ, సులువుగా దొరికే వాటికీ రోజూ చోటు దొరుకుతుంది. పొదల్లో దాక్కునేవాటికి దొరకదు.

సీమ కూడా అలా పొదల్లో దాగిపోకూడదంటే ఇక్కడి ఫొటోలు ఇక్కడివాళ్లే కామన్స్‌లో పెట్టాలి. ఖాతా తెరిచి, ‘అప్‌లోడ్ విజార్డ్’ నొక్కి, సొంతంగా తీసిన ఫొటో ఎంచుకుని, లైసెన్సు ఒప్పుకోవడం పది నిమిషాల పని. ఫోనులో వాటర్‌మార్కు, తేదీ ముద్ర ముందే ఆపేయాలి. ఫైలు పేరు ‘ఐఎంజీ’ అంటూ అంకెలతో వదిలేయకుండా ఊరు, వస్తువు పేర్లతో మార్చాలి. వ్యాఖ్య తెలుగులో రాయడానికి అక్కడ వేరే గడి ఉంటుంది. అందులో ఊరు, మండలం, తేదీ, ఏ వేళ, ఇక్కడి జనం దాన్ని ఏమని పిలుస్తారో రాయాలి. గుట్ట మీద పూసిన మొక్క శాస్త్రీయ నామం తెలియకపోతే ఊహించి రాయొద్దు. పేరు తెలియని మొక్కలు, పురుగుల కోసం కామన్స్‌లో వేరే వర్గాలున్నాయి, ఫొటోను అందులో చేర్చాలి. ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు, కాండం విడివిడిగా నాలుగు ఫొటోలు పెడితే, గుర్తుపట్టేవాళ్లు ఏ దేశంలో ఉన్నా వచ్చి ఆ పేజీలో పేరు రాసి వెళ్లే వీలుంటుంది.